తేరుతాడు
ఆత్రేయపురం సీమలో ఊరుమ్మడి ఉత్సవముల కథ

చైత్ర శుద్ధ ఏకాదశినాడు వాడపల్లిలో వేంకటేశ్వరస్వామి తేరు కదలును. గౌతమీ గోదావరి యొడ్డున, ఆత్రేయపురమునకు కొలది మైళ్ల దూరములో నున్న గ్రామమది. తేరు కదలుటకు ముందు ఒక్క క్షణము జనమంతయు ఊపిరి బిగబట్టి నిలుచును. పిమ్మట ఒక్క కేక, వందల చేతుల బిగువు, చక్రముల కిర్రుమను చప్పుడు. తాడు పట్టినవారిలో ఎవ్వరి బలమువలన తేరు కదలినదో చెప్పగలవాడు లేడు. తాడును వ్రేలితో తాకిన పిల్లవాడు ఇంటికి పోయి, నేనే లాగితినని తల్లితో చెప్పుకొనును. అతని మాట అబద్ధమును కాదు. ఊరుమ్మడి పనికి ఇంతకంటె తగిన పోలిక నాకు తోచదు.

అయితే ఒక్క ప్రశ్న మిగిలియున్నది. ఈ తేరు ఎవ్వరిది? ఆలయాధికారులదా, చందాలిచ్చినవారిదా, తాడు పట్టినవారిదా? లేక తాడుదగ్గరకు రానీయబడక, దూరమున నిలిచి నమస్కరించినవారిదా? మన గ్రామముల ఉత్సవచరిత్ర యంతయు ఈ ప్రశ్నకు కాలానుగుణముగ వచ్చిన సమాధానముల చరిత్రయే. ఆత్రేయపురం సీమ ఆ కథను చక్కగా చెప్పగలదు.

ఆత్రేయపురము గౌతమీ వసిష్ఠల నడుమ, డెల్టా శిరోభాగమున నున్నది. పేరులోని ఆత్రేయనామమే గోదావరి సప్తశాఖలలో నొకదానికిని గలదు. చిరకాలము తూర్పుగోదావరి జిల్లాలో నుండిన యీ గ్రామము 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరినది. నేడు చూచువారికి కొబ్బరితోటలు, వరిచేలు, అరటితోటలు తప్ప వేరొకటి కనబడదు. కాని యీ పచ్చదనము అనాదిగా వచ్చినది కాదు. 1832-33 నాటి నందననామ సంవత్సరపు కరవు ఈ ప్రాంతమును పీల్చి పిప్పిచేసెను. 1821లో 7,38,308గా నుండిన రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగజారెను. నిండుగా పారు నది ప్రక్కనే యుండగా జనము ఆకలికి చచ్చిరి. బ్రదికినవారిలో పలువురు దేశాంతరములు పట్టిపోయిరి.

1847లో సర్ ఆర్థర్ కాటన్ పూనికచే ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసెను. మధ్యడెల్టాకు నీరు తెచ్చు ప్రధాన కాలువ బొబ్బర్లంకవద్ద బయలుదేరి, లొల్ల లాకులవద్ద శాఖలుగా చీలి, కోనసీమలోనికి సాగిపోవును. ఈ రెండు తావులును ఆత్రేయపురము చేరువలోనివే. కావున ఈ గ్రామములవారు కాలువకు ఇరుగుపొరుగువారు. కాలువయే వీరి నడవడిని దిద్దిన గురువు.

కాలువ నేర్పిన పాఠమేమి? వర్షము ఎవరి పొలముపై పడిన వారిది. కాలువ నీరట్లు కాదు. మీదివాడు బోదె కట్టివేసిన క్రిందివాని చేను ఎండును. శివారు భూమికి నీరందవలెనన్న తలవద్ద నున్నవాడు తన వంతు కాగానే మడవ కట్టివేయవలెను. బోదెలో పేరిన ఒండును అందరును కలిసి తీయవలెను. లాకులవద్ద సర్కారు లస్కరు ఉండెను గాని, ప్రతి మడవవద్దను లస్కరును నిలుపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. అచ్చట పని చేసినది ఊరి కట్టుబాటు. వంతు, పాలు, కట్టుబాటు అను మాటలు పొలములో పుట్టి, గుడికిని జాతరకును నడచి వచ్చినవి.

ఉత్సవముల కాలక్రమమును గూడ పొలముపనియే నిర్ణయించెను. సార్వా పంట కుప్పలు నూర్చి, గాదెలు నిండిన పిమ్మట సంక్రాంతి. కాలువలు కట్టివేయు వేసవి ముంగిట చైత్రమాసపు కల్యాణములు, తేరులు, జాతరలు. చేతులకు తీరుబడియు, ఇంట గింజయు ఒక్కమారుగా నున్న దినములే పండుగదినములు. ఈ సంగతి మరచి, ఉత్సవమును కేవలము భక్తికో వినోదమునకో చెందినదానిగా నెంచిన యెడల దాని ఏర్పాటు మనకు బోధపడదు.

ఆ యేర్పాటును కొంచెము పరికింతము. తేరు సవరించువాడు వడ్రంగి. జాతరకు ఘటము చేయువాడు కుమ్మరి. దివిటీ పట్టువాడు చాకలి. సన్నాయి ఊదువాడు మంగలి. డప్పు మ్రోగించువారు మాదిగలు. రైతులు ధాన్యము కొలిచి యిత్తురు. కలిగినవారు పందిరికి కొబ్బరాకులు, వెదుళ్లు పంపుదురు. కరణము లెక్క వ్రాయును. ఇన్ని పనులకు ఎవ్వరును పిలుపుపత్రికలు పంపలేదు, సంఘములు రిజిస్టరు చేయలేదు. ఎవరి పాలు వారికి తెలిసియుండెను. పాత గ్రామముయొక్క బలమంతయు ఇందున్నది.

దాని దోషమును ఇందే యున్నది. డప్పు మ్రోగనిదే జాతర మొదలు కాదు. కాని డప్పు మ్రోగించినవాడు గుడిమెట్టు ఎక్కరాదు. అతనికి పనిలో పాలు గలదు, మాటలో పాలు లేదు. చావడి అరుగుమీద పెద్దలు కూర్చుండి తిథి నిశ్చయించి, ఖర్చు నిశ్చయించి, పిమ్మట అతనికి కబురు పంపెడివారు. స్త్రీల సంగతియు అట్టిదే. పండుగకు ముందు పదిదినములు వారి చేతులకు విరామము లేదు; చావడిలో మాత్రము వారికి చోటు లేదు. పాత ఊరి ఐకమత్యమును పొగడునపుడు ఈ లోటును దాచి పొగడుట చరిత్రకు ద్రోహము చేయుట.

పందొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది మొదటను ఈ యేర్పాటులోనికి క్రొత్తగాలి వీచెను. అదియును కాలువ వెంటనే వచ్చెను. గట్టుమీద నడచుచు మనుష్యులు తాడుతో లాగెడి పడవలలో ధాన్యము, కొబ్బరికాయలే కాక పత్రికలు, పుస్తకములు, హరిదాసులు, నాటకసమాజములవారు ప్రయాణము చేసిరి. రాజమహేంద్రవరములో వీరేశలింగముగారు రగిల్చిన సంస్కరణజ్వాల పల్లెలకును సోకెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు 1909లో అక్కడ దళితబాలురకు పాఠశాల నెలకొల్పిరి. ఆయనయే 1914 ఏప్రిల్‌లో బెజవాడలో జరిగిన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభకు అధ్యక్షత వహించిరి. అటుపిమ్మట ఊరూర పఠనమందిరములు వెలసినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాడెల్టాలో పెదవడ్లపూడి కాలువపై పడవలో గ్రంథాలయమును నడపిరి. కాలువ ఒడ్డున పడవ ఆగినచోట పుస్తకము దొరకెడిది. గ్రంథాలయముతో గ్రామమునకు క్రొత్త పద్ధతులు కొన్ని వచ్చినవి: చందా, రశీదు, సభ్యుల పట్టిక, కార్యదర్శి, సంవత్సరమునకొకమారు జమాఖర్చులు చదివి వినిపించుట. పుట్టుకచే వచ్చిన పాలు స్థానమున, పేరు వ్రాయించుకొనుటచే వచ్చు పాలు తలయెత్తినది. ఊరుమ్మడి జీవితములో ఇది పెద్ద మలుపు.

ఇక 1931వ సంవత్సరమునకు వత్తము. అంతకు ముందటి యేడు ఉప్పుసత్యాగ్రహము గోదావరీతీరమును కుదిపివైచెను. జనము నలుగురు కూడినచోట ప్రభుత్వమునకు అనుమానము. 1930 డిసెంబరులో పెద్దాపురములో తోటవిందుకు కూడిన సత్యాగ్రహులపై పోలీసులు లాఠీలు ఝళిపించిరి. తోటలో కలిసి భోజనము చేయుటయు రాజద్రోహమువలె కనబడిన దినములవి. 1931 మార్చి 5న గాంధీ-ఇర్విన్ ఒడంబడిక జరిగెను. మార్చి 23న భగత్‌సింగ్ ఉరితీయబడెను. ఒకవంక ఊరట, ఒకవంక కడుపుమంట. ఆ వారములోనే, మార్చి 30న, వాడపల్లిలో చైత్ర శుద్ధ ఏకాదశీ రథోత్సవము వచ్చెను.

చుట్టుపట్ల గ్రామములనుండి జనము తరలివచ్చిరి. తేరుపై స్వామితోపాటు గాంధీమహాత్ముని చిత్రపటమును, జాతీయపతాకమును అలంకరించిరి. వానిని తొలగింపవలెనని పోలీసులు ఆజ్ఞాపించిరి. ప్రజలు ఒప్పుకొనలేదు. మాట మాట పెరిగెను. లాఠీలు లేచినవి, పిమ్మట తుపాకులు ప్రేలినవి. స్వామిదర్శనమునకు వచ్చినవారిలో కొందరు ఆ గోదావరి యొడ్డుననే ప్రాణములు విడిచిరి. ఆ దినమును ఈ సీమవారు మరువలేదు.

ఈ ఘటనను స్వాతంత్ర్యసమర చరిత్రలో భాగముగ చెప్పుకొనుట వాడుక. అది సరియే. కాని గ్రామచరిత్ర దృష్టితో చూచినచో దానియందు మరియొక యర్థము గోచరించును. ఆ దినమున జరిగిన వాదము ఒక పటమును గురించి మాత్రమే కాదు. తేరుపై ఏమి ఉండవలెనో నిర్ణయించు అధికారము ఎవ్వరిదన్నదే అసలు వాదము. తాడు పట్టినవారు ఆ యధికారము తమదేయనిరి. పనిలో పాలు గలవారికి మాటలోను పాలు కావలెనని ఈ సీమలో పెద్దపెట్టున వినవచ్చిన పిలుపు అది.

ఆ పిలుపు తుపాకీని ఎదిరించి నిలిచెను. మరి ఆ పిలుపే ఊరిలోపలికి తిరిగినప్పుడు ఏమి జరిగెను? 1917లోనే బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను ఆది ఆంధ్ర మహాజనసభ జరిగియుండెను. రాజమహేంద్రవరములో కుసుమ ధర్మన్నగారు, పరదొరల పాలనను ధిక్కరించువారు తమ ఊరి దళితులపై తాము చేయు దొరతనమును గూడ తలపోయవలెనని తన రచనలద్వారా ప్రశ్నించిరి. 1933 డిసెంబరులో గాంధీజీ హరిజనయాత్రకై ఆంధ్రదేశమునకు వచ్చిరి. తుదకు 1947లో మద్రాసు ఆలయప్రవేశ చట్టము వచ్చెను. వాడపల్లి కాల్పులకును ఈ చట్టమునకును నడుమ పదునారేండ్లు గడచినవి. పరాయి ప్రభుత్వమును మాటలో పాలడిగిన ఊరు, తనలోనివారికి ఆ పాలు నిచ్చుటకు చట్టము వచ్చువరకు వేచియుండెనన్న మాట. చట్టము తలుపు తెరచెను. తలుపు తెరచిన మాత్రమున అరుగుమీద చాప పరచినట్లు కాదు.

ఇట అమలాపురము వైపున జరుగు మరియొక ఉత్సవమును తలచుకొనుట సమంజసము. కనుమనాడు అంబాజీపేట చేరువను మొసలపల్లి జగ్గన్నతోటలో ప్రభలతీర్థము జరుగును. పదునొకండు గ్రామముల శివస్వరూపములు, అనగా ఏకాదశరుద్రులు, వెదురుబద్దలతో కట్టి రంగువస్త్రములతో అలంకరించిన ప్రభలపై అచటికి వేంచేయుదురు. ఆ తోటలో గుడి లేదు. ప్రభలు వచ్చిననే అది క్షేత్రము. ప్రభలు మరలిననే అది తోట. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యమిచ్చువాడు గనుక ముందుగా వచ్చి, అందరును మరలిన పిదపనే మరలును. వ్యాఘ్రేశ్వరుని ప్రభ వచ్చునప్పుడు తక్కిన ప్రభలను పైకెత్తి గౌరవింతురు. గంగలకుఱ్ఱు, గంగలకుఱ్ఱు అగ్రహారముల ప్రభలను మోయువారు పచ్చని వరిచేలలో నడచి, ఎగువ కౌశికలో మెడలోతు నీటిలో దిగి, ప్రభ తడియకుండ ఒడ్డు దాటింతురు. త్రొక్కబడిన చేనికై ఆ రైతు నష్టపరిహార మడుగడు. స్వామి నా చేలోనుండి నడచెనని సంతసించును. 2023 గణతంత్రదినమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముగ ఈ ప్రభలతీర్థమే ప్రదర్శింపబడెను.

పదునొకండు ఊళ్లు తమలో ఎవరు గొప్పయన్న తగవు లేక తరతరములుగ ఒక్కచోట కూడుట తేలిక కాదు. దాని రహస్యమును వెదకినచో మూడు సంగతులు కనబడును. ప్రతి ఊరికిని తన ప్రభ కలదు. ఏ ఊరును కేవలము ప్రేక్షకురాలు కాదు. ముందు వెనుకల మర్యాద అందరికిని తెలిసినది. ఏటేట దానిని క్రొత్తగా తగవు పెట్టుకొననక్కరలేదు. కష్టనష్టములను భరించువాడు వానిని గౌరవముగ నెంచును. ఈ మూడింటిలో ఏది లోపించినను ఉత్సవము కొలది యేండ్లలోనే పోటీగ మారును, లేదా పోలీసు బందోబస్తుతో జరుపవలసినదగును.

స్వాతంత్ర్యానంతరము గ్రామజీవితమునకు ప్రభుత్వము చేయి కలిపెను. 1952 అక్టోబరు 2న దేశములో మొదలయిన తొలి సమాజవికాస పథకములలో మన కాకినాడ-పెద్దాపురము పథకము ఒకటి. 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్యము అమలునకు వచ్చెను. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1ననే ప్రారంభమైయుండెను. రేడియో కలిగిన ఇంటివారికి ఇచట ఒక మాట జ్ఞాపకము చేయవలెను. ఊరికి ఒకటి రెండు రేడియోలు మాత్రమే యున్న దినములలో, ఇంటివారి రేడియో వీధివారి రేడియో. సాయంకాలము గ్రామస్థుల కార్యక్రమమునకు అరుగునిండ జనము. కొందరు అరుగుమీద, కొందరు అరుగు క్రింద, మరికొందరు వీధికి ఆవల. ధ్వని అందరిచెవులను సమముగ సోకెను. కూర్చుండు చోటు మాత్రము సమము కాలేదు.

1956లో పూనా ప్రాంతమున సుమారు 150 గ్రామములలో రేడియో గ్రామగోష్ఠులు నడపి చూచిరి. ఒక్కొక్క ఊర ఇరువదిమంది వరకు కలిసి కూర్చుండి కార్యక్రమము వినుట, విన్నదానిని చర్చించుట, తమ సందేహములను కేంద్రమునకు వ్రాయుట దాని పద్ధతి. 1959లో ఆ పద్ధతి దేశమంతటికిని వ్యాపించెను. అందలి ముఖ్యాంశము వినుట కాదు, తిరిగి వ్రాయుట. వినువానికి మాటలో పాలు నిచ్చిన యేర్పాటు అది. ఇరువదిమందిలో ఎవరెవరు ఉండవలెనన్నచోటనే ఊరి అసలు పరీక్ష. పెద్దరైతులు ఇరువదిమంది చేరిన అది గోష్ఠియే కాని, ఊరి గోష్ఠి కాదు.

తేరుతాడు అందరికిని కనబడును. పొయ్యి కనబడదు. ఆత్రేయపురమును నేడు లోకమునకు తెలిపినవి పూతరేకులు. బోర్లించిన కుండక్రింద కొబ్బరాకుల మంట పెట్టి, పలుచని బియ్యపుపిండినీటిలో ముంచిన గుడ్డను కాగిన కుండపై ఒక్కమారు పూసినట్లు లాగుదురు. పొరవంటి రేకు లేచును. దానిలో నెయ్యి రాచి, పంచదారయో బెల్లపుపొడియో చల్లి మడతురు. చెప్పుటకు నాలుగు మాటలు. చేయుటకు ఏండ్ల అభ్యాసము, మంటయెదుట గంటలతరబడి కూర్చుండు ఓపిక. రేకు తీయునది ఒక యింటి స్త్రీ, చుట్టునది మరియొక యింటి స్త్రీ, అమ్మునది వేరొకరు. పెండ్లికిని పండుగకును ఇరుగుపొరుగు ఇండ్ల స్త్రీలు కలిసి అప్పడములు వత్తిన, అరిసెలు వండిన అలవాటే ఈ పనివిభాగమునకు మూలమని నా యూహ. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళికసూచిక గుర్తింపు లభించెను. పేరు ఊరికి వచ్చినది. ఆ పేరు తెచ్చిన చేతులు పొయ్యియొద్ద నున్నవి. 1992లో జరిగిన రాజ్యాంగసవరణచే పంచాయతీలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు దక్కినవి. చావడిలో చోటు లేనివారికి పీట వేసిన మార్పు అది. పీటమీద కూర్చున్నవారి మాట చెల్లుటయే ఇక జరుగవలసినది.

అన్నియు చక్కబడినవని చెప్పి ముగించుటకు మనసొప్పదు. 2022లో కోనసీమ జిల్లాకు డాక్టరు అంబేద్కర్ పేరు చేర్పదలచినప్పుడు, దానిని వ్యతిరేకించుచు మే 24న అమలాపురములో అల్లర్లు చెలరేగినవి. ఒక మంత్రి ఇల్లును, ఒక శాసనసభ్యుని ఇల్లును తగులబెట్టబడినవి. స్వామి నడచెనని తన పచ్చని చేనును త్రొక్కనిచ్చు సీమలోనే ఒక పేరు నడచుటకు దారి దొరకుట కష్టమయ్యెను. తరువాత ఆ పేరు నిలిచినది. కాని ఆ మంట మనకొక హెచ్చరిక. ఉత్సవము కలిసి చేసికొన్నంత మాత్రమున ఊరు కలిసినట్లు కాదు. ఉత్సవములో ఎవరికి ఏ పాలున్నదో, మిగిలిన మూడువందల అరువదినాలుగు దినములలోను ఆ పాలు నిలిచినదా యన్నది చూడవలెను.

నేడు వాడపల్లికి ఏడు శనివారముల మ్రొక్కుతో దూరప్రాంతములనుండి జనము తండోపతండములుగ వచ్చుచున్నారు. 2025 సంక్రాంతి దినములలో ఆత్రేయపురము కాలువలో కేరళపద్ధతిని పడవపందెములు జరిగినవి. చూడవచ్చినవారి సంఖ్య పెరుగుట సంతోషమే. అయితే తాడు రెండు విధములుగ పనికివచ్చును. లాగుటకు ఒకటి, జనమును ఆవల నిలుపుటకు అడ్డుగ కట్టుట మరియొకటి. ఉత్సవము పెద్దదైనకొలది రెండవ తాడు పొడవగును, మొదటి తాడు పొట్టియగును.

కావున గ్రామములలో పండుగలకును సభలకును పూనుకొను యువకులు పందిరి వేయుటకు ముందే మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు. ఈ పనిలో చేయి వేయువారెవరు? దీనిని నిర్ణయించు మాటలో పాలు గలవారెవరు? పిలువకయే మిగిలిపోయిన వీధి యేది? ముగిసిన పిమ్మట జమాఖర్చులను ఆ మిగిలిన వీధిలోనే చదివి వినిపింపవలెను. ఇందులకు పెద్ద ఖర్చు లేదు. అరుగు దిగి నాలుగడుగులు నడచుటయే.

వచ్చు చైత్రమున తేరు మరల కదలును. తాడును తాకిన పిల్లవాడు ఇంటికి పోయి, నేనే లాగితినని చెప్పుకొనును. ఊరిలోని ప్రతి వీధి పిల్లవాడును ఆ మాట చెప్పుకొనగల దినమున, 1931లో ఆ గోదావరి యొడ్డున పడినవారి ప్రశ్నకు మనము పూర్తి సమాధానము చెప్పినవారమగుదుము.